స్టీల్ బంపర్‌కి సందు వదలండి: నాలుగేళ్లు వాడాక

మాది 2006 ఫోర్డ్ ఈ-350 వ్యాన్. ఉండేది డెన్వర్‌లో. ఫోర్డ్ వీటిని ఫోర్-వీల్ డ్రైవ్‌తో ఇవ్వలేదు. మాకంటే ముందు ఓనరు బయట మార్పించుకున్నాడు. స్టెప్నీ మోసే స్టీల్ బంపర్ వెనక నేను పెట్టించాను.

బిగించిన షాపువాళ్లు బంపర్‌ని బాడీకి అతికినట్టు, మధ్యలో గోరు కూడా దూరకుండా పెట్టారు. చూడ్డానికి ముచ్చటగా ఉందని నేనూ సంతోషపడ్డాను. ఏడాదిపాటు తారురోడ్ల మీద ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత యూటాలో వైట్ రిమ్ రోడ్డుకి వెళ్లాం, దాదాపు 100 మైళ్ల మట్టి, రాళ్ల దారి. ఒకచోట ముందు కుడి చక్రం రాయెక్కింది, వెనక కుడి చక్రం గుంటలో దిగింది. కిర్రుమని చప్పుడు. దిగి చూస్తే వెనక మూల రేకు సొట్టపడి పెయింట్ లేచిపోయింది.

ఈ వ్యాన్లకి బాడీ వేరు, కింద దాన్ని మోసే ఉక్కు చట్రం, అంటే ఫ్రేమ్ వేరు, మధ్యలో రబ్బరు దిమ్మలుంటాయి. ఫ్రేమ్ మెలి తిరిగినంతగా బాడీ తిరగదు. బంపర్ మాత్రం ఫ్రేమ్‌తోనే పోతుంది.

ఇంటికొచ్చాక బంపర్‌ని అరంగుళం వెనక్కి జరిపి, సందు ఎక్కడ ఎంత మూసుకుంటుందో చూద్దామని చపాతీ పిండి ముద్దల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సందులో అక్కడక్కడా కుక్కి, ఒక చక్రం దిమ్మ మీదికి ఎక్కించాను. మా ఆవిడ పడి పడి నవ్వింది. మధ్యలో ముద్ద అలాగే ఉంది, మూలల్లోది అప్పడమైంది! ఇప్పుడు మూలల్లో ముప్పావు అంగుళం వదిలాను. బురద లోపలికి పోతుంది, పోనీ.

బోల్టుల సంగతి ఇంకొకటి. గట్టి బంపర్ ఫ్రేమ్ రెండు పట్టాల చివర్లనీ కలిపి అడ్డదూలంలా నిలబడుతుంది. మెలిక బలం వచ్చి బోల్టుల మీదా వెల్డింగ్ మీదా పడుతుంది. అందుకే గ్రేడ్ 8 అనే బాగా గట్టి రకం బోల్టుల మీద పెయింట్‌తో గీతలు గీసుకున్నాను. ప్రతి ట్రిప్పు తర్వాత చూస్తే చాలు, గీత తప్పిందంటే వదులైనట్టే. నాకు రెండుసార్లు తప్పింది. వెల్డింగ్ పక్కన సన్నటి తుప్పు గీత కనిపిస్తే మాత్రం బిగించి ఊరుకోకండి, అది పగులు కావచ్చు.

ఈ ఫొటోలు చూసి హైదరాబాద్‌లో మా బావమరిది తన బండి ముందు గార్డు పెట్టించుకుంటానన్నాడు. అక్కడ 2017 డిసెంబర్ నుంచే అలాంటి గార్డుల మీద నిషేధం ఉంది, కుదరదని చెప్పాను.

మళ్లీ కొంటానా అంటే, వెనకది కొంటాను. స్టెప్నీ చేయి గొళ్లెం లొడలొడ మాత్రం రబ్బరు ముక్క ఎన్నిసార్లు మార్చినా పోలేదు.