ఆరొందలు పెట్టి కొన్న గోడ

కార్తీకమాసంలో పశుపతినాథుణ్ణి చూడాలని అమ్మ ఎప్పట్నుంచో అడుగుతోంది. పోయిన నవంబర్‌లో అమ్మ, నేను, మా ఆయన బయల్దేరాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా చీకట్లోనే వెళ్లాం. అసలు సంగతి ఢిల్లీ నుంచి ఖాట్మండు విమానంలో ఉంది. దారిలో హిమాలయాలు కనిపిస్తాయి కాబట్టి అమ్మని కిటికీ పక్కనే కూర్చోబెట్టాలని నేనే పట్టుబట్టాను.

ఏ వైపు అన్నది పెద్ద లెక్కేం కాదు. తూర్పు తిరిగి నిలబడితే ఉత్తరం ఎడమచేతి వైపు ఉంటుంది. విమానం తూర్పుగా పోతుంది, కొండలు ఉత్తరాన ఉంటాయి. కాబట్టి వెళ్లేటప్పుడు ఎడమ వైపు 'ఏ' (A) సీటు, వచ్చేటప్పుడు కుడి వైపు 'ఎఫ్' (F) సీటు. ఢిల్లీ నుంచి డార్జిలింగ్ దగ్గరి బాగ్‌డోగ్రా వెళ్లేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పైగా ఎండ దక్షిణం వైపు నుంచి పడుతుంది కాబట్టి ఈ వైపు కళ్లలో కొట్టదు. మా ఆయన 11 ఏ, బీ, సీ తీసుకున్నారు. కిటికీ సీటుకి 600, మిగతా రెండింటికీ 350 చొప్పున మొత్తం 1,300 అయింది.

విమానం ఎక్కి చూస్తే 11ఏ పక్కన కిటికీయే లేదు!

ముందు వరసకి ఉంది, వెనక వరసకి ఉంది. మాకు మాత్రం లేత బూడిద రంగు ప్లాస్టిక్ గోడ. అమ్మ దాన్ని అరచేత్తో తడిమి చూసింది, ఎక్కడైనా తలుపులా తెరుచుకుంటుందేమోనని. తర్వాత నా వైపు తిరిగి, "దీనికేనా ఆరొందలు?" అంది. మా ఆయన సీటు బెల్టు వైపే చూస్తూ కూర్చున్నారు. "అల్లుడుగారిని ఏమీ అనకే" అని అమ్మ మెల్లిగా చెప్పడంతో ఆయన ముఖం ఇంకా మాడిపోయింది.

తర్వాత తెలిసింది, ఈ బోయింగ్ 737ల్లో రెక్కకి కాస్త ముందు ఏసీ గాలి గొట్టాలు గోడలోంచి పైకి వెళ్తాయట, అందుకే అక్కడ కిటికీ పెట్టరు. సంస్థని బట్టి వరస నంబరు మారుతుంది. ఆ ముక్క బుకింగ్ పేజీలో ఒక్కచోటా లేదు. ఎయిర్‌హోస్టెస్‌ని అడిగితే విమానం నిండా జనమే, మార్చడం కుదరదంది. డబ్బు వెనక్కివ్వమని మెయిల్ పెడితే, అది గోడ వైపు సీటు కాబట్టి విండో కేటగిరీయేనని జవాబు!

అరగంటయ్యాక పన్నెండో వరసలో ఉన్న నేపాలీ కుర్రాడు లేచి, తన సీట్లో కూర్చోమని అమ్మని పిలిచాడు. రెక్క అడ్డుగా ఉన్నా దాని అంచు పైన తెల్లటి కొండల వరస కనిపించిందట. వెనక ఎవరో "ఎవరెస్ట్! ఎవరెస్ట్!" అని అరిచారు. ఎవరెస్ట్ ఖాట్మండుకి ఇంకా తూర్పున ఉంటుంది. ఢిల్లీ నుంచి వచ్చే దారిలో మొదట ఎదురయ్యేవి ధవళగిరి, అన్నపూర్ణ, మనస్లు. మూడూ 8,000 మీటర్లు దాటినవే, వాటికేం తక్కువ?

ఖాట్మండులో మూడు రోజులూ హాయిగా గడిచాయి. దర్శనం బాగా అయింది.

తిరుగు ప్రయాణంలో ఒక్క 4ఎఫ్‌కే డబ్బు కట్టాం, 900. ముందు వరసలకి రేటు ఎక్కువే. అయినా పెట్టండి. రెక్క మీద వరసల్లో ఎక్కువగా రెక్కే కనపడుతుంది, దాని వెనక ఇంజిన్ వేడికి దృశ్యం నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. నాకూ మా ఆయనకీ వెబ్ చెకిన్‌లో వచ్చిన నడిమి సీట్లు చాలనుకున్నాం.

ఈసారి కిటికీ ఉంది. దిగాక అమ్మ చెప్పిందాన్ని బట్టి, పక్క సీటాయన ఒక కొండల గుంపుని చూపించి గణేశ్ హిమాల్ అన్నాడట. అమ్మ అక్కణ్ణుంచే వినాయకుడికి దండం పెట్టేసింది. ఢిల్లీ దాకా ఇచ్చిన కాఫీ కూడా ముట్టలేదు.

ఢిల్లీలో హైదరాబాద్ విమానానికి వరసలో నిలబడ్డప్పుడు ఏ వైపు కూర్చోవాలని అడిగింది.

"చీకటమ్మా, ఏ వైపైనా ఒకటే."

"వైపు సరే, కిటికీ ఉందో లేదో కనుక్కోమను అల్లుడుగారిని" అంది.