ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: మాంగానా, 2003 టీవీ ధారావాహికనా?

చనిపోయిన తల్లిని రసవిద్యతో బతికించబోయి ఎడ్వర్డ్ కాలు, చెయ్యి పోగొట్టుకుంటాడు. తమ్ముడు అల్‌కి ఏకంగా ఒళ్లే పోతుంది. మాంగాకీ (అంటే జపాన్ బొమ్మల కథకీ), టీవీ ధారావాహికకీ, రెండింటికీ పునాది ఇదే.

హిరోము అరకావా మాంగా 2001 నుంచి 2010 దాకా సాగి 27 సంపుటాలైంది. బోన్స్ స్టూడియో తీసిన 51 భాగాల యానిమేషన్ ధారావాహిక 2003లోనే మొదలైంది. అప్పటికి అసలు కథ చాలా మిగిలి ఉంది కాబట్టి టీవీవాళ్లు తమ దారి తాము చూసుకున్నారు.

ఆ తేడా స్లాత్ అనే కృత్రిమ మనిషి పాత్ర దగ్గర బాగా తెలుస్తుంది. మాంగాలో స్లాత్ కొండంత మనిషి. నేల కింద సొరంగం తవ్వుతూ, అబ్బా ఎంత శ్రమ అని సణుగుతుంటాడు. టీవీలో స్లాత్ వచ్చేది తల్లి ముఖంతో! అన్నదమ్ములు ఆ రాత్రి చేసిన తప్పే ప్రాణం పోసుకుని ఎదురుగా నిలబడుతుంది. ఇక్కడ మాత్రం నా ఓటు టీవీకే.

ముగింపులో అలా కాదు. టీవీ కథ ఎడ్వర్డ్‌ను మన లోకపు జర్మనీలో వదిలేసి, మిగతాది 2005 నాటి సినిమాకు అప్పగించింది. మాంగాలో అతను తమ్ముడి కోసం తన విద్యనే వదులుకుంటాడు. మొదటి సంపుటం నుంచి పేర్చిన ప్రతి ఇటుకా అక్కడ పనికొస్తుంది.

మాంగానే కావాలి, కానీ తెర మీద చూడాలి అనుకునేవారికి 2009లో వచ్చిన 64 భాగాల రెండో ధారావాహిక ఉంది. అయితే హొక్కైడో పాడి రైతుల బిడ్డ అయిన అరకావా తనను తాను కళ్లద్దాల ఆవుగా గీసుకున్న బొమ్మలు కావాలంటే పుస్తకాలే తిరగేయాలి.