బ్రసెల్స్‌లో 'బీరు, భోజనం, ఫ్రెంచ్' ప్యాకేజీ కొనే ముందు ఇది చదవండి

బెల్జియం బీర్లు తాగుతూ, అక్కడి తిండి తింటూ వారంలో ఫ్రెంచ్ నేర్పిస్తామని ఆన్‌లైన్‌లో ప్రకటనలు తిరుగుతున్నాయి. పోయిన అక్టోబరులో నేనూ మా బామ్మర్దీ అలాంటిదొకటి కొన్నాం. మనిషికి 690 యూరోలు, బ్రసెల్స్‌లో ఐదు రాత్రులు. ఫ్రెంచ్ రాలేదు సరికదా, మంచి బీరు కూడా సొంత డబ్బులతోనే తాగాల్సి వచ్చింది. బ్యాంకులో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. అయినా పేరు తెలిసి పెద్దగా ఉపయోగం లేదు, అవే ఫొటోలు ఇంకో రెండు పేర్ల మీద కూడా కనిపించాయి నాకు.

మేం ఎందుకు పడ్డామో ముందు చెప్పాలి. నేను నెదర్లాండ్స్‌లోని ఐంధోవన్‌లో ఉంటాను, బ్రసెల్స్‌కి బస్సులో సుమారు రెండు గంటలు. బామ్మర్ది హైదరాబాద్ నుంచి చూడటానికి వచ్చాడు. ఇంటర్‌లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకుని 96 తెచ్చుకున్న బ్యాచ్. 'బోంజూర్' దాటితే ఒక్క ముక్క రాదు. ఇప్పుడు కెనడా పీఆర్ కోసం మళ్ళీ పుస్తకం పట్టాడు. ప్రకటనలో 'ఎ1 సర్టిఫికెట్' (ఎ1 అంటే భాషలో మొదటి మెట్టు) అన్న మాట చూసి, "బావా, తాగినట్టూ ఉంటుంది, పాయింట్లు వచ్చినట్టూ ఉంటుంది" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. కక్కుర్తి ఇద్దరిదీ.

వాళ్ళు రాసింది ఇది: గ్రూపులో ఎనిమిది మందికి మించరు, రోజూ పొద్దున మూడు గంటలు క్లాసు, మధ్యాహ్నం నుంచి టీచరుతో పాటే బ్రూవరీలు, రెస్టారెంట్లు, అంతా ఫ్రెంచ్‌లోనే. మొదటి రోజు హోటల్ లాబీలో లెక్కపెడితే పంతొమ్మిది మందిమి తేలాం. టీచరు అన్నాయన నిజానికి టూర్ గైడ్. మనిషి మంచివాడే, కానీ ఆయన నోట్లోంచి వచ్చిందంతా ఇంగ్లీషే. క్లాసు అంటే బ్రేక్‌ఫస్ట్ బల్లల దగ్గర గంటసేపు, పక్కన ప్లేట్లు సర్దుతున్న చప్పుడులో. మూడో రోజు నుంచి 'వాన పడుతోంది, ముందే బయల్దేరదాం' అని అదీ ఎగ్గొట్టారు. అన్నీ కలిపితే రెండు గంటలకి మించదు.

ఇచ్చిన మెటీరియల్ ఒక్క జిరాక్స్ కాగితం. మూలన ఐఫెల్ టవర్ బొమ్మ. బ్రసెల్స్‌లో పాఠానికి ప్యారిస్ బొమ్మ ఏంటా అని నవ్వుకున్నాం కానీ, లోపల సరుకు కూడా ప్యారిస్‌దేనని తర్వాత తెలిసింది. డెబ్బైకి 'స్వాసాంత్ దిస్', తొంభైకి 'కత్ర్ వాం దిస్' అని ఉంది అందులో. అవి ఫ్రాన్స్ లెక్కలు. బెల్జియంలో డెబ్బై అంటే 'సెప్తాంత్', తొంభై అంటే 'నొనాంత్'. ఒక కేఫ్‌లో కౌంటర్ దగ్గరమ్మాయి 'కత్ర్ యూరో నొనాంత్' (4.90 యూరోలు) అంటే, మేమిద్దరం ఆ కాగితం తిరగేస్తూ నిలబడ్డాం. చివరికి జాలిపడి వేళ్ళతో చూపించింది.

అదే కాగితంలో 'యూన్ కరాఫ్ దో' అని అడిగితే ఉచితంగా మంచినీళ్ళ జగ్గు ఇస్తారని రాసుంది. ఫ్రాన్స్‌లో భోజనంతో పాటు కుళాయి నీళ్ళు ఊరికే ఇస్తారు, అది నిజం. బెల్జియంలో ఆ రూలు లేదు. మాకు సీసా తెచ్చి పెట్టారు, బిల్లులో ఏడు యూరోలు వేశారు. 'అం దెమి' అంటే ఫ్రాన్స్‌లో 25 సెంటీలీటర్ల బీరు అన్న ముక్క కూడా కాగితంలో ఉంది, బ్రసెల్స్‌లో మాకు ఒక్కసారీ పనికి రాలేదు. పనికొచ్చేది మాత్రం లేదు: ఇక్కడ వెయిటర్ గ్లాసు బల్ల మీద పెడుతూ 'సిల్ వూ ప్లే' అంటాడు. దానికి 'దయచేసి' అనే కాదు, ఇక్కడ 'ఇదిగోండి' అని కూడా అర్థం. ఏదో అడుగుతున్నాడనుకుని మా వాడు ప్రతిసారీ పర్సు తీసేవాడు.

ఇక బీరు సంగతి. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. వీళ్ళ ప్రకటనలో 'యునెస్కో గుర్తింపు పొందిన బీర్ టూర్' అని ఉంటుంది. యునెస్కో గుర్తించింది ఆ దేశపు బీరు సంస్కృతిని, వీళ్ళ టూర్‌ని కాదు. ఇలాంటి మాట ఎక్కడ కనిపించినా అక్కడే ఆగిపోండి.

'ట్రాపిస్ట్ టేస్టింగ్' అన్నది ఊరి నడిబొడ్డున ఉన్న గ్రాన్ ప్లాస్ చౌరస్తా దగ్గర ఒక సావనీర్ షాపు వెనక గదిలో జరిగింది. అరచేతిలో పట్టేంత గ్లాసులు ఆరు. ట్రాపిస్ట్ బీరు అంటే మఠం ఆవరణలో, సన్యాసుల అజమాయిషీలో తయారైనది. ఒర్వాల్, షిమే, రోష్‌ఫోర్ లాంటివి. సీసా మీద ఆరు పలకల ముద్ర ఉంటుంది. మాకు పోసిన సీసాలన్నీ తిప్పి చూశాను, ఒక్కదాని మీదా లేదు. అవి 'అబ్బే' బీర్లు. పేరులో మఠం ఉంటుంది, కాచేది మామూలు కంపెనీ. రుచిలో తప్పేం లేదు, కానీ డబ్బు కట్టింది వేరే దానికి కదా. గైడ్‌ని అడిగితే "రెండూ ఒకటేలెండి" అన్నాడు. 'బ్రూవరీ సందర్శన' అయితే గేటు ముందు ఫొటో దిగడంతో ముగిసింది.

నాలుగో రోజు గ్రూపుని వదిలేసి మేమిద్దరం బ్రసెల్స్‌లోనే ఆండర్‌లెక్ట్ అనే చోట ఉన్న కాంతియోన్‌కి వెళ్ళాం. మిడి స్టేషన్ నుంచి నడిచే దూరమే. 1900లో మొదలైన బ్రూవరీ, ఇప్పటికీ పాత పద్ధతిలోనే లాంబిక్ అనే పుల్లటి బీరు కాస్తారు. ఈస్ట్ వేయరు. కాచిన రసాన్ని పైకప్పు కింద వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా చల్లారనిస్తారు, గాలిలో ఉన్న సూక్ష్మజీవులే పడి పులియబెడతాయి. అందుకే చలి నెలల్లోనే కాస్తారు. మన తాటికల్లుకి ఎవరూ ఈస్ట్ వేయరు కదా, అదే లెక్క. కాకపోతే కల్లు సాయంత్రానికే పులిసిపోతుంది, ఇది పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఒకటి, రెండు, మూడేళ్ళవి కలిపితే గ్యూజ్. పుల్లపుల్లగా, కొంచెం పాత చెక్క వాసనతో, మొదటి గుక్కకి మొహం చిట్లిపోయింది. మూడో గుక్కకి ఇంకొకటి చెప్పాలనిపించింది. 'ఆంకోర్ యూన్, సిల్ వూ ప్లే' అని నేనే అడిగాను. మొత్తం ట్రిప్‌లో నా నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి ఫ్రెంచ్ మాట అదే, దానికి ప్యాకేజీ అవసరం పడలేదు.

అసలు లోపం ఇక్కడే ఉంది. ప్యాకేజీ వాళ్ళు తిప్పేదంతా గ్రాన్ ప్లాస్ చుట్టుపక్కలే. అక్కడ మెనూలు ఇంగ్లీషులో బొమ్మలతో ఉంటాయి, మనం 'బోంజూర్' అనేలోపే వాళ్ళు ఇంగ్లీషులోకి వచ్చేస్తారు. పైగా బ్రసెల్స్ రెండు భాషల ఊరు, వీధి బోర్డులన్నీ ఫ్రెంచ్‌లోనూ డచ్‌లోనూ ఉంటాయి. బీరుతో పాటు భాష కూడా కావాలంటే నామూర్‌కో లియేజ్‌కో వెళ్ళండి. బెల్జియంలో ఫ్రెంచ్ మాట్లాడే వలోనియా ప్రాంతం అది. నామూర్‌కి బ్రసెల్స్ నుంచి రైలులో గంట ప్రయాణం.

సర్టిఫికెట్ మెరిసే కాగితం మీద వచ్చింది. దానికి విలువ లేదు. ఎ1 స్థాయికే మామూలుగా 60 నుంచి 100 గంటల చదువు కావాలంటారు. కెనడా పీఆర్‌కి ఫ్రెంచ్‌లో చూసేది టీఈఎఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా అనే పరీక్షల స్కోర్లే. ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకని పీఆర్‌కి ప్రత్యేకంగా తీసే డ్రాలకు నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (కెనడా వాళ్ళ ఫ్రెంచ్ కొలమానం) 7 రావాలి, ఎ1 నుంచి అది ఆమడ దూరం. మా వాడు తిరిగి వెళ్ళి హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో చేరాడు.

డబ్బు వెనక్కి అడిగితే 'కార్యక్రమంలో మార్పులు ఉండవచ్చు' అన్న ఒక్క లైను చూపించి చేతులు దులుపుకున్నారు. ఆన్‌లైన్‌లో కొన్నది 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు యూరప్‌లో ఉంది కానీ, తేదీ ఖాయమైన హోటల్ బుకింగ్‌లకూ వినోద కార్యక్రమాలకూ అది వర్తించదు. నేను చేసిన ఒక్క మంచి పని కార్డుతో కట్టడం. ప్రకటన స్క్రీన్‌షాట్లు, పంతొమ్మిది మంది ఉన్న ఫొటో, ఆ జిరాక్స్ కాగితం బ్యాంకుకి పంపాను. మీరు కొనాలనుకుంటే టీచరు పేరు, క్లాసు ఎక్కడ, రోజుకి ఎన్ని గంటలు, ఏ బ్రూవరీ లోపలికి తీసుకెళ్తారు అని మెయిల్‌లో అడిగి, జవాబు రాతలో వచ్చాకే డబ్బు కట్టండి. ఫోన్‌లో చెప్పినవేవీ తర్వాత నిలబడవు.

తిండి విషయంలో ఇంకొకటి, మనవాళ్ళకి ముఖ్యం. గ్రూపు భోజనంలో మెనూ చేతికిచ్చి గైడ్ ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. 'అమెరికెన్' అని కనిపిస్తే ఫ్రైడ్ చికెన్ లాంటిదేమోనని మా వాడు ఆర్డరిచ్చాడు. ఎర్రటి ముద్ద, పైన ఉల్లిపాయ ముక్కలు, పక్కన ఫ్రైస్. ఫోర్కుతో పొడిచి చూసి, "బావా, ఇది ఉడకలేదు" అన్నాడు. ఉడకదు. అది పచ్చి బీఫ్ కీమా. 'కార్బొనాద్' అన్నా బీరులో ఉడికించిన బీఫే. బీఫ్ తిననివాళ్ళు 'జ న మాంజ్ పా ద బఫ్' అన్న ఒక్క వాక్యం నేర్చుకుని వెళ్ళండి. బెల్జియంలో చాలాచోట్ల ఫ్రైస్ కూడా పశువుల కొవ్వులోనే వేయిస్తారు, 'బ్లాం ద బఫ్?' అని అడిగితే చెప్తారు. ఆ రోజు బామ్మర్ది ముద్ద పక్కకి నెట్టి ఫ్రైస్ మాత్రం ఒక్కటి వదలకుండా తిన్నాడు. ఈ కొవ్వు సంగతి వాడికింకా చెప్పలేదు.