నలభై రోజుల్లో అరబ్బీ: పుస్తకమా, ఫోనా, వీధి చివర అత్తా?

"వీసా వచ్చిందట, నలభై రోజుల్లో ప్రయాణమట." నరసాపురం, పాలకొల్లు, రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో ఇది పెళ్లి కబురంత మామూలు కబురు. ఈసారి ప్రయాణం మా పిన్ని కూతురిది. కువైట్‌లో ఇంటిపని. "అన్నయ్యా, బడిలో పిల్లలకు హిందీ చెబుతావు కదా, ఈలోగా నాకు అరబ్బీ వచ్చే దారి ఏదైనా చెప్పు" అని అడిగింది. నాకు అరబ్బీ రాదు. పరాయి భాష నేర్చుకునేవారికి ముల్లు ఎక్కడ గుచ్చుకుంటుందో మాత్రం కొంత తెలుసు. అందుకని మా ఊళ్లో అందుబాటులో ఉన్న దారులను పక్కపక్కన పెట్టి చూశాను.

ముందు ఒక లెక్క. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పిస్తుంది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకు ఫ్రెంచి, స్పానిష్ లాంటివి ఉద్యోగానికి సరిపడేంతగా రావడానికి ఆరేడు వందల గంటల తరగతులు చాలని దాని అంచనా. అరబ్బీకి 2,200 గంటలు. మా చెల్లి ఇల్లూ పిల్లలనూ చూసుకుని రోజుకు మూడు గంటలు కూర్చున్నా, నలభై రోజులకు 120 గంటలు. కాబట్టి నలభై రోజుల్లో అరబ్బీ వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. వంటింటికి, ఆసుపత్రికి, జీతం రోజుకు కావలసిన మాటలు అంటారా, అవి వస్తాయి.

మనకు కొంత పెట్టుబడి ముందే ఉంది కూడా. కుర్చీ, దుకాణం, జవాబు, తారీఖు, ఖాళీ, బాకీ అరబ్బీ నుంచి వచ్చినవే, అక్కడా దాదాపు ఇదే అర్థం. మన డెల్టా రైతు సార్వా, దాళ్వా అంటే, కాగితాల మీద ఖరీఫ్, రబీ అని రాస్తారు చూడండి, అవీ అరబ్బీ మాటలే. శరత్తు, వసంతం అని అర్థం. అన్నీ ఇలా కలిసిరావు. వసూలు అంటే మనకు డబ్బు రాబట్టడం, వాళ్లకు చేరుకోవడం.

ఇక పుస్తకం. ముప్పై రోజుల్లో ఫలానా భాష అనే తరహా పుస్తకాలు బస్టాండు కొట్లలో దొరుకుతాయి. చవక, కరెంటు అక్కర్లేదు, తెలుగు లిపిలోనే ఉంటుంది. ఆ తెలుగు లిపి దగ్గరే చిక్కు. అరబ్బీలో గొంతు లోపలి నుంచి పలికే అక్షరాలు కొన్ని ఉన్నాయి, మన లిపిలో వాటికి చోటు లేదు. గుండె అనే మాట, కుక్క అనే మాట వాళ్లకు రెండు వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి. తెలుగులో రాస్తే రెండూ 'కల్బ్' అవుతాయి. గుండె నొప్పిగా ఉందని చెప్పబోయి ఏం చెబుతుందో ఊహించుకోండి. పైగా కువైట్ ఇళ్లలో ఈ రెండు మాటలూ అలా వినిపించవు. గుండె 'గల్బ్', కుక్క 'చల్బ్'. పుస్తకం రాసినాయన తప్పు రాశాడని కాదు, ఆయన రాసింది గ్రంథాల అరబ్బీ.

అయినా పుస్తకాన్ని పారేయమని అనను. అంకెల పేజీ ఒక్కటి ఆ ఖరీదుకు చాలు. అక్కడి గోడల మీద, మందుల పెట్టెల మీద తరచు కనిపించే అరబ్బీ అంకెల్లో చిన్న చుక్క సున్న; మనం సున్న అనుకునే గుండ్రని గుర్తు ఐదు. ఇది ఒక పూటలో వచ్చేస్తుంది, రాకపోతే ఐదు దీనార్లు సున్నగా కనిపిస్తాయి.

ఫోనులోని భాషల యాప్‌ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఆటలా ఉంటుంది, పిల్లలు కూడా పక్కన కూర్చుంటారు. నేను చూసినవి ఇంగ్లీషు ద్వారా నేర్పేవి. పదో తరగతి ఇంగ్లీషుతో దాటాల్సిన ఏరు అక్కడ మరొకటి. నేర్పేది కూడా ఎక్కువగా పుస్తకాల అరబ్బీయే. 'నాకు కావాలి' అనడానికి 'ఉరీదు' అని నేర్పుతుంది. కువైట్ వంటింట్లో వినిపించేది 'అబీ'. మా చెల్లి నాలుగు రోజులు ఆడి, గెలిచిన నక్షత్రాలు నాకు చూపించి, ఐదో రోజు మానేసింది.

వీధి చివర మాకు వరసకు అత్త ఒకావిడ ఉంది. పద్నాలుగేళ్లు కువైట్‌లో చేసి వచ్చి, ఇప్పుడు అరుగు మీద కూర్చుని లేసు అల్లుతుంది. బడి చదువు తక్కువ. మా చెల్లిని ఆమె మొదటి రోజు అడిగిన ప్రశ్న: "ఆ ఇంట్లో పిల్లలెందరు? ముసలివాళ్లు ఉన్నారా?" నాకు ఈ ప్రశ్న తట్టనే లేదు. ముసలమ్మ ఉంటే మందు, నీళ్లు, నొప్పి కావాలి. పసివాడుంటే పాలు, నిద్ర, ఏడుపు కావాలి. ఏ పుస్తకానికీ మనం వెళ్లబోయే ఇల్లు తెలియదు. అత్తకూ తెలియదు, కానీ అడగడం తెలుసు. నీళ్లు 'మాయ్', ఎక్కడ 'వేన్', తీసుకురా 'జీబీ' అంటూ ఆమె దారం లాగుతూ చెప్పుకుపోతే, మా చెల్లి వింటూ మూడు రోజుల్లో వంటింటి మాటలన్నీ అప్పజెప్పింది.

అత్త దగ్గరా లోటు ఉంది. గల్ఫ్‌లో పనివాళ్లకూ యజమానులకూ మధ్య ఒక విరిగిన అరబ్బీ నడుస్తుంది. తెలియదు అనడానికి అత్త 'అనా మాఫీ మాలూమ్' అంటుంది. కువైట్ వాళ్లు తమలో తాము 'మాదరీ' అంటారు. మొదటిదానితో పని గడుస్తుంది, కానీ ఎన్నేళ్లయినా మనిషి గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. ఈ తేడా నాకు చెప్పింది కూడా అత్తే. "నాకు తెలుసురా, నోరు తిరగలేదు, అంతే" అంది.

ఇంకో సలహా ఊరంతా ఇస్తుంది: ఇప్పుడేమీ వద్దు, వెళ్లాక అదే వస్తుంది అని. వస్తుంది, నిజమే. కానీ జ్వరం వచ్చిందని, జీతం అందలేదని చెప్పాల్సిన అవసరం భాష వచ్చేదాకా ఆగదు. జీతం 'మఆష్', పాస్‌పోర్టు 'జవాజ్', ఎంబసీ 'సఫారా'. ఈ మూడింటినీ వెళ్లాక నేర్చుకుందాం అనుకోవడం నాకు నచ్చదు.

నా ఓటు అత్తకే. పుస్తకం అంకెల వరకు. ఫోను కూడా కావాలి, యాప్ కోసం కాదు, అత్త గొంతు రికార్డు చేయడానికి. అరుగు మీద ఉదయం గంటసేపు పాఠం, మధ్యాహ్నం వంట చేస్తూ అదే గొంతు వినడం, రాత్రి చూడకుండా అప్పజెప్పడం. మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ పాతవి అడగడం నా పని. హిందీ పిల్లలతో చేసేది అదే. రెండు వందల మాటలు, నలభై వాక్యాలు దాటనివ్వలేదు. ఆమె ఇంకా కావాలంది, నేను ఒప్పుకోలేదు.

చివరి వారంలో ఒక పొరపాటు బయటపడింది. మన 'రా' ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా ఒకటే. అరబ్బీలో కాదు. అత్తను ఆ ఇంటి మేడమ్ పిలిచిన తీరులోనే అత్తకు మాటలు వచ్చాయి, అన్నీ ఆడవాళ్లకు చెప్పే రూపాలే. అక్కడ మొదటి నెలలో అత్త ఆ ఇంటి కుర్రవాడిని 'తఆలీ' అని పిలిస్తే ఇల్లంతా నవ్విందట. అది జరిగిన ఇన్నేళ్ల తర్వాత, నరసాపురం స్టేషన్‌లో రైలు కదులుతుండగా కిటికీ పట్టుకుని అత్త ఇంకా చెబుతూనే ఉంది: "పిల్లాడైతే తఆల్, పిల్ల అయితే తఆలీ. మర్చిపోకే."