హైదరాబాద్ ఎండల్లో వైన్ కూలర్: కొన్నాక, విప్పాక

మా ఇంట్లో రెండు వైన్ కూలర్లున్నాయి. ఒకటి పన్నెండు సీసాలు పట్టే చిన్నది, పెల్టియర్ చిప్‌తో నడిచేది, 2017లో కొన్నాం. రెండోది కంప్రెసర్ రకం, ముప్ఫై సీసాలు పడతాయి, కరోనా తగ్గాక వచ్చింది. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి గానీ కొన్నప్పుడున్న భాగాలతో మాత్రం కాదు. వారంటీ దాటిందంటే ఈ వస్తువులకి మన దగ్గర దిక్కూ దివాణం ఉండదు, అందుకే చల్లదనం, అందం కన్నా ఎక్కువగా రిపేర్ల గురించే రాస్తున్నాను.

ముందు చిన్నదాని సంగతి. ఇందులో గ్యాస్ ఉండదు, కంప్రెసర్ ఉండదు. నాలుగు సెంటీమీటర్ల చదరపు పింగాణీ పలక ఒకటి ఉంటుంది, పెల్టియర్ చిప్ అంటే ఇదే, దానికి 12 వోల్టుల కరెంటు ఇస్తే ఒక ముఖం చల్లబడుతుంది, రెండో ముఖం కాలిపోతుంది. ఆ వేడి ముఖానికి అతుక్కుని అల్యూమినియం హీట్ సింక్, అంటే వేడిని గాలికి వదిలే రెక్కల దిమ్మ, దాని మీద ఫ్యాన్. మొత్తం యంత్రం ఇంతే. గదిలో ఎంత వేడి ఉందో దానికన్నా ఓ 15 డిగ్రీలు, మహా అయితే 18 డిగ్రీలు తగ్గించగలదు, అంతకు మించి దాని చేతిలో లేదు. చలికాలంలో గది 25 ఉంటే లోపల పది దాకా దిగుతుంది, ఇంకేం కావాలి. అదే రోహిణి కార్తెలో ఏసీ లేని హాల్లో 38 ఉంటే లోపల 20 కంటే కిందికి రాదు, రిపేరు చేసినా రాదు, కొత్తది కొన్నా రాదు. ఇది పాడవడం కాదు, దాని తీరే అంత. ఈ తేడా తెలియక మే నెలలో మెకానిక్‌ని పిలిచి డబ్బులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

డిస్‌ప్లే చూసి మోసపోకండి. చాలా మోడళ్లలో అది మీరు పెట్టిన అంకెనే చూపిస్తూ కూర్చుంటుంది, లోపల నిజంగా ఎంతుందో చెప్పదు. మధ్య అరలో ఓ గ్లాసు నీళ్లు పెట్టి, అందులో థర్మామీటర్ వేసి, రాత్రంతా తలుపు తీయకుండా ఉంచి పొద్దున్నే చూడండి. గది ఎంతుందో కూడా పక్కనే రాసుకోండి. రెండింటి మధ్య తేడా 12 డిగ్రీల లోపే ఉంటే అప్పుడు విప్పాలి, లేకపోతే దాన్ని ఏసీ గదిలోకి మార్చితే చాలు.

మాది నిజంగానే మొరాయించినప్పుడు ఓ మెకానిక్ వచ్చాడు. చెయ్యి లోపల పెట్టి చూసి "గ్యాస్ అయిపోయింది సార్, రెండున్నర వేలవుద్ది" అన్నాడు. గ్యాసే లేని యంత్రానికి! "అన్నా, ఇందులో కంప్రెసర్ ఎక్కడుందో చూపించు" అంటే వెనక్కి తిప్పి కాసేపు వెతికి, "ఇది చైనా మాల్ సార్, మా వల్ల కాదు" అని చల్లగా జారుకున్నాడు. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం, రోజూ చేతికొచ్చేవి ఫ్రిజ్‌లు, ఏసీలు, ఇలాంటివి ఎప్పుడో ఒకటి. కాబట్టి చిన్నవాటికి మనమే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి.

వెనక రేకు విప్పితే మొదట కనపడేది దుమ్ము. హీట్ సింక్ రెక్కల సందుల్లో దుమ్మూ, దూదీ, అగరుబత్తి పొగా కలిసి బూడిదరంగు పట్టులా పేరుకుపోయి, ఊదినా కదలలేదు, పాత టూత్ బ్రష్‌తో గీకాల్సి వచ్చింది. పవర్ బోర్డు మీద ఎండిపోయిన బల్లి ఒకటి. (మన ఊళ్లలో ఎలక్ట్రానిక్స్ ప్రాణం తీసేవాళ్లలో బల్లికీ చీమలకీ మొదటి వరుసలో చోటివ్వాలి, వెచ్చగా ఉంటుందని వచ్చి అక్కడే చేరతాయి.) ఫ్యాన్ వేలితో తిప్పితే రెండు చుట్లకే ఆగిపోయింది, అంటే బేరింగ్ పోయింది. ఈ చిన్న కూలర్ చల్లబడటం మానేస్తే ముందు చూడాల్సింది ఈ ఫ్యానే. వేడి బయటికి పోకపోతే చిప్ తనని తానే ఉడికించుకుని చివరికి పోతుంది, అప్పుడు అందరూ చిప్‌ని తిడతారు.

కొత్త ఫ్యాను, చిప్పు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. చిప్ మీద టీఈసీ1-12706 అని రాసి ఉంటుంది, ఆ నంబరు చూపిస్తే చాలు, రెండు మూడు వందల్లో అయిపోతుంది. పాతది తీసేటప్పుడు చూస్తే చిప్‌కీ హీట్ సింక్‌కీ మధ్యలో వేడిని దాటించే థర్మల్ పేస్టు సున్నంలా ఎండిపోయి పొడి రాలింది. దాన్ని పాత ఏటీఎం కార్డుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, రెండు వైపులా పల్చగా కొత్త పేస్టు రాయాలి. ఎక్కువ రాస్తే మంచిదనుకోవద్దు, మందంగా ఉంటే వేడికి అదే అడ్డం. స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించాలి, ఒకవైపే బిగిస్తే పింగాణీ పటుక్కుమంటుంది. స్క్రూల కింద ప్లాస్టిక్ వాషర్లు ఉంటాయి, అవి పారేయకండి, లేకపోతే బయటి వేడి స్క్రూల దారినే లోపలికొస్తుంది. పలక చుట్టూ ఉన్న ఫోమ్ కూడా సరిగ్గా మూయాలి, లేకపోతే వానాకాలంలో తేమ చేరి అంచులు తుప్పు పడతాయి. వైర్లు తారుమారైతే లోపల చల్లబడటం మాని వేడెక్కుతుంది, భయపడనక్కర్లేదు, వెంటనే ఆపి మార్చేస్తే సరి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ప్లగ్ తీసినా పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు దాటి నిలవ ఉండొచ్చు. బోర్డు జోలికి వెళ్లాలంటే తెలిసినవాళ్లతోనే చేయించండి. కెపాసిటర్ల తల ఉబ్బిందంటే బోర్డు అక్కడే పోయింది, వేడి ఊళ్లలో ఇది మామూలే.

ఇంత చేసినా దీని కరెంటు ఖర్చు నాకు నచ్చదు. ఎండాకాలంలో ఇది ఆగదు, 70 వాట్లు ఇరవై నాలుగ్గంటలూ లాగుతుంది, అంటే రోజుకి దాదాపు 1.7 యూనిట్లు. పన్నెండు సీసాల కోసం ఇది ఎక్కువే.

కంప్రెసర్‌ది వేరే కథ. కొనేటప్పుడు ఎవరూ చెప్పనిది ఒకటుంది, వెనక స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ అని అక్షరాలుంటాయి. ఎన్ అంటే గది 32 డిగ్రీల వరకే, ఎస్‌టీ అంటే 38, టీ అంటే 43. చల్లటి దేశాల కోసం చేసిన ఎన్ రకం ఇక్కడ తెచ్చి పెడితే మార్చి నుంచి జూన్ దాకా కంప్రెసర్‌కి ఊపిరాడదు. మాది ఎస్‌టీ, అందుకే వంటగదిలో పెట్టనివ్వలేదు. ఇంటీరియర్ వాళ్లు చుట్టూ చెక్కతో మూసేస్తే బాగుంటుందని పట్టుబట్టారు కూడా. పక్క రేకులు ముట్టుకుంటే కాలుతుంటాయి కదా, కండెన్సర్ గొట్టాలు వాటి వెనకే ఉంటాయి, ఆ వేడి పోవడానికి గాలి ఆడాలి. ముందు నుంచి గాలి వదిలే బిల్ట్-ఇన్ మోడల్ కాకపోతే చుట్టూ పది సెంటీమీటర్లు వదలాల్సిందే.

దీనికొచ్చిన పెద్ద రిపేరు ఒక్కటే. కరెంటు పోయి వెంటనే వచ్చిన రోజుల్లో ఒకసారి టిక్కుమని శబ్దం, కాసేపాగి మళ్లీ టిక్కు, చల్లదనం మాత్రం లేదు. ఈసారి వచ్చిన మెకానిక్ నెమ్మదస్తుడు. కంప్రెసర్ పక్కనుండి దాన్ని స్టార్ట్ చేసే రిలే తీసి చెవి దగ్గర ఊపి, "వినండి సార్, లోపల బిళ్ల పగిలింది" అన్నాడు. నిజంగానే గలగలమంది. రిలే, దాంతోపాటు ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ మార్చి పదిహేను నిమిషాల్లో లేచాడు. ఆగిన కంప్రెసర్‌కి మళ్లీ మొదలవడానికి మూడు నిమిషాలైనా వ్యవధి కావాలి, లోపలి ఒత్తిడి సర్దుకోవాలి. అందుకని టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ పెట్టించాను, ఆ తర్వాత ఆ గొడవ లేదు.

గ్యాస్ నిజంగా లీకైతే మాత్రం కాస్త ఆలోచించండి. కొత్తవాటిలో ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్, మన వంటగ్యాస్‌కి చుట్టమే, మంటంటుకుంటుంది. ఇలాంటి చిన్న యంత్రాల్లో కొన్ని పదుల గ్రాములే పడుతుంది, తూకం వేసి నింపాలి. "134 నింపేస్తా సార్, ఏం కాదు" అని ఆర్-134ఏ అనే వేరే గ్యాస్ నింపబోయేవాణ్ణి ఇంట్లోకి రానివ్వద్దు, ఆ కంప్రెసర్ ఆ గ్యాస్ కోసం చేసింది కాదు. ఫోమ్ లోపలి గొట్టం తుప్పుపట్టి లీకైతే నా లెక్కలో అక్కడితో ఆపేయడమే మేలు, వెతికి అతికించే ఖర్చు మళ్లీ గిట్టదు.

ఇక వానాకాలం. రబ్బరు గ్యాస్కెట్ వదులైతే లోపల నీళ్లు కారతాయి, సీసాల లేబుళ్లకి బూజు పడుతుంది. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, సులువుగా జారివస్తే అక్కడ లూజు. హెయిర్ డ్రయర్‌తో కొంచెం వెచ్చచేసి నొక్కితే చాలాసార్లు సర్దుకుంటుంది. వెనక నీళ్లు పోయే రంధ్రం కూడా పూడుకుపోతుంటుంది, దాన్ని ఇయర్ బడ్‌తో తీస్తే చాలు.

రిపేరు జరిగినన్నాళ్లూ సీసాలు ఏం చెయ్యాలంటే, మామూలు ఫ్రిజ్‌లో పెట్టేయండి. నాలుగు డిగ్రీలు వైన్‌కి ఎక్కువ చలే గానీ కొన్ని వారాలకి ఏమీ కాదు, 38 డిగ్రీల గదిలో నాలుగు రోజులుంటే మాత్రం కార్క్ పైకి తన్నుకొచ్చి సీసా చుట్టూ జిగురు కారే ప్రమాదముంది. పైగా నాసిక్ లాంటి చోట్ల తయారయ్యే దేశీ వైన్లు తాగేవాళ్లకి అంత టెన్షన్ అక్కర్లేదు, ఏడాది లోపే తాగేస్తాం, వాటిని ఏళ్ల తరబడి దాచేదేముంది. అలా తాగే ఇంటికి నన్నడిగితే కూలరే వద్దు, ఫ్రిజ్ చాలు. దాచే అలవాటుంటే టీ క్లాస్ కంప్రెసర్ రకం వెతకండి, దొరక్కపోతే ఎస్‌టీ కొని ఏసీ ఉన్న గదిలో పెట్టండి. పెల్టియర్ రకం సెకండ్ హ్యాండ్‌లో రెండు మూడు వేలకి వస్తే, స్క్రూడ్రైవర్ సరదా ఉంటే తీసుకోండి, కొత్తది మాత్రం నేను కొనను.