దోస్త్‌లో డిగ్రీ సీటు: కరోనా రెండేళ్లలో నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులకు ఎంతవరకు పనికొచ్చింది?

డిగ్రీ అడ్మిషన్ల కోసం తెలంగాణ ఉన్నత విద్యామండలి 2016లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ సేవ దోస్త్. ఉస్మానియా, కాకతీయలతో పాటు మన దిక్కు నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల్లో బీఏ, బీకాం, బీఎస్సీ సీట్లు దాదాపు అన్నీ దీని ద్వారానే నిండుతాయి. మామూలు రోజుల్లో ఇందులో తల్లిదండ్రులకు పెద్దగా పని ఉండేది కాదు. ఇంటర్ కాలేజీలో సార్ ఎవరో ఒకరు చూసుకునేవారు, లేకపోతే నలుగురు దోస్తులు కలిసి నెట్ సెంటర్‌కి పోయి నింపేసి వచ్చేవాళ్లు. 2020లో కాలేజీలకు తాళాలు పడ్డాక ఆ భారమంతా ఇంటి మీదికి వచ్చింది. సేవలో మంచి ఎంత, లోపం ఎంత అన్నది కూడా అప్పుడే తేటతెల్లమైంది.

ముందే చెప్పేస్తే, సీట్లు పంచే పనిలో దోస్త్‌కి ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. మార్కులు, రిజర్వేషన్, పెట్టుకున్న ఆప్షన్లు, ఈ మూడింటి మీదే సీటు వస్తుంది. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీలో సీటుకి గానీ, పాలమూరు ఎంవీఎస్ ప్రభుత్వ కాలేజీలో సీటుకి గానీ ఎవరి సిఫారసూ అక్కర్లేదు, కరోనా కాలంలో కాలేజీ కాలేజీకి తిరిగి ఫారాలు కొనే బాధా తప్పింది. కానీ చదువుకోని తల్లికి, తండ్రికి అర్థమయ్యేలా చెప్పడంలో ఐదుకు ఒకటిన్నర దాటదు. సీటు వచ్చేదాకా తోడుంటుంది, వచ్చాక ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పదు. పైగా ఇందులో చిక్కులు చాలావరకు మార్కుల దగ్గర రావు, ఫోన్ నంబరు దగ్గర, బ్యాంకు ఖాతా దగ్గర వస్తాయి.

రిజిస్ట్రేషన్‌తో మొదలుపెడదాం. 2020లో మూడు దారులు పెట్టారు. విద్యార్థి ఆధార్‌కి ఫోన్ నంబరు లింక్ అయి ఉంటే దోస్త్ సైట్‌లోనే ఓటీపీతో చేసుకోవచ్చు. లింక్ లేకపోతే మీ సేవకు పోయి వేలిముద్ర వేయాలి. తెలంగాణ బోర్డులో ఇంటర్ పాసైనవాళ్లకు మూడో దారి, టీ యాప్ ఫోలియో అనే రాష్ట్ర ప్రభుత్వ యాప్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసుకుని, హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు కొట్టి, సెల్ఫీ దిగితే చాలు. బోర్డు దగ్గరున్న ఫొటోతో అది ముఖాన్ని పోల్చుకుంటుంది. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ ఫీజు 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400.

మొదటి దారిలో పాలమూరు ఇళ్లకు ఒక చిక్కుంది. పిల్లల ఆధార్ తీసినప్పుడు నాన్న నంబరు ఇచ్చి ఉంటారు. ఆ నాన్న ముంబైలోనో పుణెలోనో పనిలో ఉంటాడు. ఓటీపీ అక్కడికి పోతుంది, అతను పని మధ్యలో ఫోన్ చూసుకుని చదివి చెప్పేసరికి గడువు దాటుతుంది. ఇంకా చెడ్డ సంగతి, ఆ నంబరు రీచార్జ్ లేక ఎప్పుడో ఆగిపోయి, వేరే ఎవరికో పోయి ఉండటం. పిల్లల ఆధార్‌కి ఇంట్లో ఉండే నంబరు ఎక్కించడమే దీనికి మందు. ఆధార్ సెంటర్‌లో ఈ మార్పుకి ఏ కాగితమూ అడగరు, వేలిముద్ర చాలు, అప్పట్లో రుసుము 50 రూపాయలు. 2021 జులై నుంచి పోస్ట్‌మ్యాన్ కూడా ఇంటికొచ్చి ఈ పని చేసే వీలు పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు తెచ్చింది. దేవరకొండ తండాల నుంచి, అచ్చంపేట అవతలి ఊళ్ల నుంచి బస్సుల్లేక బయటికి రాలేనివాళ్లకు ఇది నిజంగా అక్కరకొచ్చే సౌకర్యం, తెలిసినవాళ్లే తక్కువ.

మీ సేవ దారిలో వేలిముద్ర పడకపోవడం మామూలే. పిల్లలకు 15 ఏళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలన్నది నిబంధన. అది చేయించనివాళ్లవి చిన్నప్పటి ముద్రలే ఉంటాయి, మెషిన్ ఒప్పుకోదు. కరోనాలో దీనికి తోడు ఇంకోటి చేరింది. కౌంటర్ దగ్గర శానిటైజర్ రాసుకుని, తడి ఆరకముందే వేలు పెడితే ముద్ర అలుక్కుపోతుంది. చెయ్యి పూర్తిగా ఆరనిచ్చి, గుడ్డతో గాజు పలకను తుడిచి, వేలిని కొసతో పొడిచినట్టు కాకుండా మొదటి కణుపు మొత్తం ఆనేలా పెట్టాలి. బొటనవేలు రాకపోతే చూపుడువేలు.

టీ యాప్ ఫోలియో మూడింటిలోకీ మేలు. అయితే ఇంటర్ మొదటి ఏడాది ఇచ్చిన ఫొటోకీ ఇప్పటి ముఖానికీ పొంతన కుదరాలి. మాస్క్ తీసి, కిటికీకి ఎదురుగా నిలబడి, వెలుతురు ముఖం మీద పడేలా చూసుకోవాలి. రేకుల షెడ్డులో తలుపుకి వీపు పెట్టి దిగితే ముఖం నల్లగా వస్తుంది, యాప్ తిప్పి కొడుతుంది.

రిజిస్ట్రేషన్ అయ్యాక దోస్త్ ఐడీ, ఆరంకెల పిన్ ఫోన్‌కి మెసేజ్‌గా వస్తాయి. ఇక్కడే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ పిన్ ఎవరికీ ఇవ్వొద్దు. కొన్ని ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటర్ ఫలితాలు రాగానే ఇంటింటికీ తిరుగుతారు. "మీకు తిప్పలెందుకు అక్కా, మేం ఫ్రీగా చేసి పెడతాం, హాల్‌టికెట్ ఇవ్వండి చాలు" అంటారు. వాళ్ల నంబరుతో రిజిస్టర్ చేసి, వెబ్ ఆప్షన్‌లో, అంటే కావాలనుకునే కాలేజీల వరుసలో, వాళ్ల కాలేజీ ఒక్కటే పెట్టి సేవ్ చేస్తారు. సీటు అక్కడే వస్తుంది మరి, ఇంకెక్కడొస్తుంది! పిల్లకు మంచి మార్కులుండి, ఊళ్లోనే ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఉన్నా ఆ దారి మూసుకుపోతుంది. అట్ల జరిగిందని తెలిస్తే వాదులాట పెట్టుకోకుండా, విద్యార్థిని, ఆధార్, ఇంటర్ మెమో వెంటబెట్టుకుని దగ్గర్లోని దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌కి పోవాలి. ఈ సెంటర్లు ఎక్కువగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనే ఉంటాయి. వికలాంగులు, ఎన్‌సీసీ, మాజీ సైనికుల పిల్లలు లాంటి ప్రత్యేక కోటాల సర్టిఫికెట్లు చూపించాల్సిందీ అక్కడే.

ఫీజు కట్టేటప్పుడు ఖాతాలో డబ్బు కట్ అయిపోయి స్క్రీన్ తెల్లగా ఉండిపోవడం తరచూ అయ్యేదే, ముఖ్యంగా చివరి రోజు సాయంత్రం. వెంటనే రెండోసారి కట్టొద్దు. పేమెంట్ స్టేటస్ చూసుకుని, కొద్దిసేపు ఆగి మళ్లీ లాగిన్ అయితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

వెబ్ ఆప్షన్లు ఈ సేవకు గుండెకాయ. కానీ చిన్న ఫోన్‌లో నింపడానికి అస్సలు అనువుగా ఉండదు. కాలేజీ, కోర్సు, మీడియం కలిసి ఒక ఆప్షన్. అంటే ఒకే కాలేజీలో బీకాం కంప్యూటర్స్ ఇంగ్లిష్ మీడియం ఒక ఆప్షన్, అదే తెలుగు మీడియం ఇంకో ఆప్షన్. ఈ సంగతి గమనించక, ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లవాడు ఇంగ్లిష్ మీడియం వరుసను నొక్కి, క్లాసులు మొదలయ్యాక లబలబలాడతాడు. ముందు తెల్లకాగితం మీద ఇంట్లో అందరూ కూర్చుని వరుస రాసుకోవాలి. ఆ తర్వాతే ఫోన్ ముట్టాలి. వీలుంటే పెద్ద స్క్రీన్ మీద నింపడం మేలు. అంకెలు వేశాక సేవ్ నొక్కకుండా బయటికొస్తే అంతా గాలికి పోయినట్టే. సేవ్ అయ్యాక వచ్చే పేజీని ఫొటో తీసి పెట్టుకోవాలి. గడువు లోపల ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

ఒక్క ఆప్షన్ పెట్టి ఊరుకోవద్దు. అది రాకపోతే ఆ విడతలో ఏ సీటూ రాదు. అట్లని నెట్ సెంటర్ అబ్బాయి చెప్పాడని పేరు కూడా వినని కాలేజీలను అడుగున చేర్చొద్దు, అడుగున పెట్టిందే వచ్చే అవకాశం కూడా ఉంటుంది. పోవడానికి ఇష్టపడే చోట్లు మాత్రమే, కానీ కనీసం ఎనిమిది పది ఉండేలా. కరోనా ఏళ్లలో హైదరాబాద్ కాలేజీలను పైన పెట్టి చిక్కుల్లో పడ్డవాళ్లున్నారు. హాస్టళ్లు మూత, బస్సులు అంతంతమాత్రం. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా పట్నం దాదాపు వంద కిలోమీటర్లు, రోజూ పోయి రావడం కుదరని పని. మిర్యాలగూడ, కోదాడ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. జడ్చర్ల బీఆర్ఆర్ కాలేజీలో బొటానికల్ గార్డెన్ కూడా ఉంది, బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివే పిల్లలకు అది పట్నంలో చాలా ప్రైవేటు కాలేజీలు ఇవ్వలేని సొత్తు.

సీటు అలాటయ్యాక "వచ్చింది కదా" అని ఊరుకోవడం అన్నింటికంటే పెద్ద నష్టం. గడువు లోపల లాగిన్ అయి ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే సీటు తీసుకుంటున్నామని ఖాయం చేయాలి, స్క్రీన్ మీద చూపించిన మొత్తం ఉంటే కట్టాలి. చేయకపోతే సీటు పోతుంది. మెసేజ్ వస్తుంది గానీ ఆ నంబరు పొలం దగ్గరున్న ఫోన్‌ది అయితే చూసేదెవరు? అడ్మిషన్లు నడిచినన్ని రోజులు ఆ నంబరు రీచార్జ్ ఆగకూడదు, ఫోన్ ఇంట్లోనే ఉండాలి. ఇంకో మెలిక ఉంది. సెల్ఫ్ రిపోర్టింగ్ చేసినవాళ్లు మెరుగైన సీటు కోసం తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. అక్కడ కొత్తది వస్తే పాత సీటు దానంతటదే పోతుంది, వెనక్కి తీసుకునే వీలుండదు. కాబట్టి రెండో విడతలో ఉన్న సీటు కంటే ఖచ్చితంగా మేలనుకున్నవే పెట్టాలి. కాలేజీ నచ్చి గ్రూపు మాత్రమే నచ్చకపోతే, చివర్లో అదే కాలేజీలో గ్రూపు మార్చుకునే విడత ఉంటుంది, దానికోసం ఆగడం నయం.

ఇక దోస్త్ చెప్పకుండా వదిలేసే భాగం, ఫీజు రీయింబర్స్‌మెంట్. దోస్త్ ఫారంలో కులం, ఆదాయం వివరాలు నింపాం కాబట్టి స్కాలర్‌షిప్ దానంతటదే వస్తుందని చాలా ఇళ్లలో అనుకుంటారు. రాదు. ఈ-పాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల సైట్ వేరే, కాలేజీలో చేరాక అక్కడ వేరే దరఖాస్తు పెట్టి, ప్రింటు కాలేజీలో ఇవ్వాలి. అప్పటి నిబంధన ప్రకారం ఏడాది ఆదాయం ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు, బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ పత్రం కొత్తది కావాలి, దాని మీదున్న మీ సేవ నంబరునే ఈ-పాస్‌లో కొట్టాలి. హాజరు 75 శాతం ఉండాలి.

ఇక్కడ బ్యాంకు ఖాతా తల తినేస్తుంది. తొమ్మిదో తరగతి స్కాలర్‌షిప్ కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతా రెండేళ్లు వాడకపోతే చాలాసార్లు నిద్రాణంలోకి పోయేది, అంటే లావాదేవీలు ఆగిపోయేవి. బ్రాంచికి పోయి కేవైసీ ఇచ్చి, వంద రూపాయలైనా వేసి దాన్ని లేపాలి. 2020 బ్యాచ్‌కి ఇంకో దెబ్బ, బ్యాంకుల విలీనం. నల్లగొండ పల్లెల్లో బాగా నడిచిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. పాత పాస్‌బుక్ మీదున్న, బ్రాంచిని గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మరుసటేడు చెల్లకుండా పోయాయి. పాత కోడ్ కొట్టినవాళ్ల మెయింటెనెన్స్ డబ్బు, అంటే విద్యార్థి ఖర్చులకిచ్చే స్కాలర్‌షిప్ భాగం, తిరిగిపోయేది. కొత్త పాస్‌బుక్ ముద్ర వేయించుకుని, దాన్ని చూసే నింపాలి.

చేరాక చదువు మాటేంటంటే, 2020 బ్యాచ్‌కి కాలేజీ గేటు 2021 ఫిబ్రవరి 1న తెరిచి, మార్చి 24న మళ్లీ పడింది. తర్వాత సెప్టెంబర్ 1 దాకా ఫోనే క్లాసు. వీడియో క్లాసు గంటకు అర జీబీ నుంచి ఒక జీబీ దాకా తాగుతుంది, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మధ్యాహ్నానికే ఖాళీ. ఇంట్లో ఇద్దరు చదివేవాళ్లుంటే మరీ. మన కెమెరా ఆపేసి, యాప్‌లో డేటా తక్కువ వాడే సెట్టింగ్ పెడితే సగానికి సగం మిగులుతుంది. ఇది దోస్త్ తప్పు కాదు, కానీ సీటు ఇచ్చేముందు ఏ కాలేజీ ఎట్లాంటి క్లాసులు చెప్తుందో ఒక్క వాక్యం పెట్టి ఉంటే ఆప్షన్ల వరుస చాలామందికి మారేది.

చివరి మెట్టు కాలేజీకి స్వయంగా పోయి రిపోర్ట్ చేయడం. టీసీ ఒరిజినల్ ఇవ్వక తప్పదు, ఇచ్చేముందు నాలుగైదు జిరాక్స్‌లు తీసి పెట్టుకోవాలి. టెన్త్, ఇంటర్ మెమోలు మాత్రం ఒరిజినల్ చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్ వెనక్కి తెచ్చుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. "రీయింబర్స్‌మెంట్ వచ్చేదాకా ఉండనీయండి" అని కౌంటర్‌లో ఎవరైనా అంటే, అదే మాట కాగితం మీద రాసి స్టాంపు వేసి ఇమ్మనండి.