డ్రెయిన్ గట్టు మీద పాతికేళ్లు: మా కిర్లోస్కర్ ఆయిలింజను

మాది కాలువ చివరి పొలం. వరి పాలు పోసుకునే వేళకి కాలువ అడుగంటిపోతుంది. పక్కన డ్రెయిన్‌లో నీళ్లుంటాయి గానీ అక్కడికి కరెంటు లైను లేదు. అందుకే 1999లో నాన్న కిర్లోస్కర్ 5 హెచ్‌పీ డీజిల్ ఇంజను, పంపుతో సహా కొన్నారు. అప్పట్నుంచీ దాన్ని నడుపుతున్నది నేనే. కొనొచ్చా అని చాలామంది అడుగుతుంటారు, వాళ్ల కోసం ఇది.

ఏవీ1 మోడల్. ఒకే సిలిండరు, నిలువు ఇంజను. బోరు 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110, నిమిషానికి 1500 చుట్లు. స్విచ్చి ఉండదు. సిలిండరులో ఒత్తిడి వదిలించే లివరు ఎత్తి హ్యాండిల్ తిప్పుతూ, వేగం అందుకోగానే లివరు వదలాలి. హ్యాండిల్ ఒక్కోసారి వెనక్కి తంతుంది. బొటనవేలు పిడి చుట్టూ తిప్పకుండా మిగతా వేళ్ల పక్కనే పెట్టమని నాన్న మొదటి రోజే నేర్పారు. ఇప్పుడు మా అబ్బాయికి నేనూ అదే చెబుతున్నా. పూర్తి లోడు మీద గంటకు లీటరు పైచిలుకు డీజిల్ తాగుతుంది. ట్యాంకు పూర్తిగా ఎండనిచ్చారా, పైపులో గాలి చేరుతుంది. అది తీయడానికి అరగంట పోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చల్లదనం. మా సెట్టులో ఇంజనుకి నీళ్లు పంపు నుంచే వస్తాయి. పంపు నీళ్లు లాగడం మానేస్తే ఇంజనుకి కూడా నీళ్లుండవు. ఒకసారి దాన్ని నడుస్తుండగా వదిలేసి భోజనానికి ఇంటికెళ్లాను. నీళ్లు పీల్చే పైపు అడుగునుండే ఫుట్‌వాల్వుకి గుర్రపుడెక్క చుట్టుకుంది. తిరిగొచ్చేసరికి ఇంజను పట్టేసింది. పూర్తిగా నా తప్పే. పైగా బాగుచేయించేటప్పుడు చవకని ఒక షాపులో కొన్న పిస్టన్ రింగులు నకిలీవని తేలింది, ఒక్క పంటకే అరిగిపోయాయి. మళ్లీ విప్పించి అసలు రింగులు, లైనరు వేయించాను. అవి ఈ రోజుకీ నడుస్తున్నాయి.

ఇంజను మెకానిక్ షెడ్డులో విప్పి పడున్న ఆ రోజుల్లోనే ఈ కంపెనీ కథ చదివాను. లక్ష్మణరావు కిర్లోస్కర్ 1888లో బెళగావిలో అన్న రామువన్నతో కలిసి సైకిళ్ల దుకాణం పెట్టారు. ఆ తర్వాత గడ్డి కోసే యంత్రాలు, ఇనుప నాగళ్లు. ఇనుము తగిలితే నేల విషమైపోతుందని రైతులు భయపడ్డారట. రెండేళ్లపాటు నాగలి అమ్ముడే పోలేదు. ఆ రైతుల్ని నేను తప్పుపట్టలేను. నాగలి చెడ్డదైతే ఏడాది పంట పోయేది వాళ్లకే కదా. తర్వాత మునిసిపాలిటీ బెళగావిలో వాళ్ల కార్ఖానా ఉన్న జాగా ఖాళీ చేయమంటే, ఔంధ్ సంస్థానాధీశుడు స్థలమూ, పదివేల రూపాయల అప్పూ ఇచ్చారు. 1910లో రాళ్లు, నాగజెముడు, పాములు ఉన్న ఆ బంజరులో వాళ్ల కార్ఖానా ఊరు కిర్లోస్కర్‌వాడి వెలిసింది. నాకు బాగా నచ్చింది ఈ ఘట్టమే. లక్ష్మణరావు కొడుకు శంతనురావు అమెరికాలో ఎంఐటీలో ఇంజనీరింగ్ చదివొచ్చారు. 1946లో పుణెలో ఆయిల్ ఇంజన్ల కంపెనీ మొదలైంది. మా ఇంజను ఆ కంపెనీదే.

కొనేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ కుటుంబం పేరుతో ఇప్పుడు వేర్వేరు కంపెనీలున్నాయి. పంపులంటే కిర్లోస్కర్ బ్రదర్స్, ఇంజన్లంటే కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్, మోటార్లకి మరొకటి. స్పేర్లు అడిగేటప్పుడు పేరొక్కటీ చెబితే చాలదు, ప్లేటు మీది మోడల్, నంబరు రాసుకెళ్లండి.

ఈ రకం ఇంజన్లకుండే కష్టాలు దీనికీ ఉన్నాయి. బరువెక్కువ, గట్టు మీదికి చేర్చాలంటే నలుగురు కావాలి. మోత చెవుల్లో సాయంత్రం దాకా ఉంటుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక చుట్టుపక్కల చాలామంది ఇంజన్లు అమ్మేశారు. లైను ఉన్న పొలానికి మోటారే మేలు, అందులో సందేహం లేదు. లైను లేనిచోట మాత్రం నాకు దీనికి సాటి కనిపించలేదు. ఏ చిన్న ఊళ్లోనైనా దీన్ని విప్పి బిగించే మనిషి దొరుకుతాడు, పాతికేళ్ల తర్వాత కూడా గాస్కెట్టు నుంచి నాజిల్ దాకా అన్నీ దొరుకుతున్నాయి.

వంద గంటలకోసారి ఆయిల్ మారుస్తాను. ఫుట్‌వాల్వుకి వెదురుబుట్ట కట్టాను. ఇంజను నడుస్తున్నంతసేపూ భోజనం గట్టు మీదే.